సింగపూర్ హాకర్ సెంటర్లో ఐదు డాలర్లకు కడుపు నిండా తినడం ఎలా?

సింగపూర్‌లో దిగిన మనవాళ్లు చాలామంది మొదటి వారమంతా లిటిల్ ఇండియాలోని ఏసీ హోటళ్లలోనే తిని, ఈ ఊళ్లో తిండి మహా ఖరీదని తేల్చేస్తారు. ఆ హోటల్ నుంచి రెండు వీధులు అవతలికి నడిస్తే నాలుగైదు సింగపూర్ డాలర్లకు (డాలరుకు సుమారు 70 రూపాయలు వేసుకోండి) వేడివేడి భోజనం దొరుకుతుంది. స్థానికులు రోజూ తినేది అక్కడే. దాని పేరు హాకర్ సెంటర్.

ఒకప్పుడు రోడ్ల పక్కన బండ్ల మీద అమ్మేవాళ్లను ప్రభుత్వం 1970ల నుంచి కప్పు, కుళాయి, మురుగు కాలువ ఉన్న చోట్లకు తరలించింది. 1986 నాటికి ఆ పని దాదాపు పూర్తయింది. అలాంటి సెంటర్లు ఇప్పుడు 110కి పైగా ఉన్నాయి. 2020 డిసెంబరులో ఈ తిండి సంస్కృతి యునెస్కో జాబితాలోకీ ఎక్కింది. మీకు పనికొచ్చే సంగతి మాత్రం వేరు. హాకర్ సెంటర్ అంటే పెద్ద హోటల్ కాదు. ఒకే కప్పు కింద పక్కపక్కనే ఉన్న వంద చిన్న వంటిళ్లు. ఒక్కో వంటింట్లో ఒకటో రెండో వంటకాలే ఉంటాయి, ముప్ఫై ఏళ్లుగా అదే చేస్తున్నవాళ్లూ ఉంటారు. అందుకే “ఏ సెంటర్ బాగుంటుంది?” కంటే “ఏ స్టాల్లో ఏం తినాలి?” అన్న ప్రశ్నే సరైనది.

ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి

మొదటిసారి వెళ్లేవాళ్లకు టెక్కా సెంటర్ తేలిక. లిటిల్ ఇండియా ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ సీ ఎగ్జిట్ దగ్గర బయటికొస్తే ఎదురుగానే కనిపిస్తుంది. కింద అంతస్తులోనే ఒకవైపు కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే సంత, మరోవైపు తిండి స్టాళ్లు. దోసె, పరోటా, బిర్యానీ అమ్మే స్టాళ్లు ఇక్కడ వరసగా ఉంటాయి కాబట్టి భయం లేకుండా ఆర్డర్ చెప్పే పద్ధతి నేర్చుకోవచ్చు. ఇక్కడ దోసె ‘తోసై’ అవుతుంది, పరోటా ‘ప్రాటా’ అవుతుంది. బోర్డు మీద అలాగే చదువుకోండి.

రెండో రోజు చైనాటౌన్ వైపు వెళ్లండి. మ్యాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌కు ఇప్పుడు అదే పేరుతో ఎంఆర్‌టీ స్టేషన్ ఉంది. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో చైనాటౌన్ కాంప్లెక్స్ ఉంది. రెండు వందలకు పైగా స్టాళ్లున్న ఈ సెంటర్ దేశంలోనే పెద్దది. చైనీస్ వంటల్లో ఇంత వైవిధ్యం మరో చోట దొరకడం కష్టం. మలయ్ వంట కావాలంటే పాయా లేబార్ స్టేషన్ దగ్గర గేలాంగ్ సెరాయ్‌కి వెళ్లండి. పర్యాటకులు తక్కువగా, స్థానికులు ఎక్కువగా ఉండే చోటు చూడాలనుకుంటే డకోటా స్టేషన్ దగ్గరి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్ సెంటర్ బాగుంటుంది.

లా పా సాత్ గురించి ఒక మాట. 1894లో కట్టిన ఎనిమిది పలకల ఇనుప మంటపం అది, చూడముచ్చటగా ఉంటుంది. సాయంత్రం పక్కనున్న బూన్ తాత్ వీధిని వాహనాలకు మూసేసి, సాతే బండ్లు పెట్టి బొగ్గుల మీద మాంసం పుల్లలు కాలుస్తారు. అనుభవం కోసం ఒకసారి వెళ్లండి. ధరలు మాత్రం మామూలు హాకర్ సెంటర్ కంటే ఎక్కువ. అది చూసి హాకర్ తిండి ఖరీదు అనుకోవద్దు.

సమయం సంగతి ధర కంటే ముఖ్యం. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా ఆఫీసుల జనం విరుచుకుపడతారు. ముఖ్యంగా మ్యాక్స్‌వెల్ లాంటి నడిబొడ్డు సెంటర్లలో బల్ల దొరకదు. పదకొండుంబావుకు వెళ్తే హాయిగా తినొచ్చు. రెండు దాటాక వెళ్తే సగం స్టాళ్లు పాత్రలు కడుగుతూ కనిపిస్తాయి. సరుకు అయిపోతే కట్టేయడమే ఇక్కడి పద్ధతి, మళ్లీ వండరు. పొద్దున టిఫిన్ అమ్మే స్టాళ్లు మధ్యాహ్నానికల్లా మూసేస్తారు. సోమవారం చాలా స్టాళ్లకు సెలవు. ఇవి కాక ప్రతి సెంటర్‌నూ ఏడాదిలో కొన్నిసార్లు శుభ్రం చేయడానికి మొత్తంగా మూస్తారు. ఆ తేదీలు జాతీయ పర్యావరణ సంస్థ వెబ్‌సైట్లో ముందే ఉంటాయి. దూరం వెళ్లేముందు ఒకసారి చూసుకోండి. చైనీస్ కొత్త సంవత్సరం రోజుల్లో చైనీస్ స్టాళ్లు రెండు మూడు రోజులు, కొన్ని వారం పైనా తెరవరు.

చిరునామా చదవడం కూడా తెలియాలి. స్టాల్ నంబర్ 02-126 అని ఉంటే మొదటి రెండంకెలు అంతస్తు, తర్వాతివి స్టాల్. ఇక్కడ నేల అంతస్తునే ఒకటో అంతస్తు అంటారు. కాబట్టి 02 అంటే మన లెక్కలో మొదటి అంతస్తు. చైనాటౌన్ కాంప్లెక్స్‌లో తిండి అంతా ఆ అంతస్తులోనే ఉంటుంది. తెలియక కింద బట్టల కొట్ల మధ్య తిరిగి, ఇక్కడేమీ లేదని వెనక్కి వచ్చేవాళ్లున్నారు.

జేబులో ఏం ఉండాలి

రెండు, ఐదు, పది డాలర్ల నోట్లు ఉంచుకోండి. నాలుగు డాలర్ల అన్నానికి యాభై నోటు ఇస్తే స్టాల్ పెద్దాయన మొహం మారిపోతుంది. క్రెడిట్ కార్డు చాలా స్టాళ్లలో నడవదు. ఇక్కడి బ్యాంకు ఖాతా ఉన్నవాళ్లు పేనౌ క్యూఆర్ స్కాన్ చేసి కడతారు. 2023 ఫిబ్రవరిలో మన యూపీఐని పేనౌతో కలిపింది ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు డబ్బు పంపుకోవడానికి. ఇండియా ఫోన్‌తో ప్రతి స్టాల్లో స్కాన్ చేసి కట్టేయొచ్చని నమ్ముకుని రావద్దు.

టిష్యూ ప్యాకెట్ తప్పనిసరి. స్టాల్లో టిష్యూలు ఇవ్వరు. చేతులు కడుక్కోవడానికి సింకులు ఉంటాయి గానీ తుడుచుకోవడానికి మీదే మీరు తెచ్చుకోవాలి. నీళ్ల సీసా కూడా తెచ్చుకోండి. గ్లాసుతో నీళ్లు తెచ్చి పెట్టేవాళ్లు ఉండరు, కొనాల్సిందే. ఇక్కడి కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, కాబట్టి గదిలోనే నింపుకుని బయల్దేరవచ్చు.

ముందు బల్ల, తర్వాత తిండి

రద్దీ వేళల్లో తిండి కొని ట్రే పట్టుకుని బల్ల వెతుక్కోవడం నరకం. ముందే బల్ల పట్టుకోవాలి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెడితే అది మీది. ఈ పనిని ఇక్కడ ‘చోప్’ అంటారు. మన ఊళ్లో బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే, కాకపోతే ఇక్కడ గొడవ ఉండదు. టిష్యూ ప్యాకెట్, గొడుగు, ఆఫీసు కార్డు ఏది కనిపించినా ఆ కుర్చీ ఎవరిదో అని అర్థం. దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చోవద్దు.

పది మంది బల్ల దగ్గర ఇద్దరే ఉంటే మిగతా కుర్చీల్లో కూర్చోవచ్చు. “ఇక్కడ ఎవరైనా ఉన్నారా?” అని అడిగితే చాలు, ముక్కూ మొహం తెలియని వాళ్ల పక్కన కూర్చుని తినడం ఇక్కడ మామూలే. బల్ల మీద నంబర్ ఉంటే గుర్తు పెట్టుకోండి. కొన్ని స్టాళ్ల వాళ్లు బల్ల దగ్గరికే తెచ్చిస్తారు, నంబర్ అడుగుతారు. ‘సెల్ఫ్ సర్వీస్’ అని రాసి ఉంటే మీరే వెళ్లి తెచ్చుకోవాలి.

స్టాల్ ఎంచుకోవడం, చెప్పడం

బల్ల పట్టాక వెంటనే మొదటి స్టాల్ ముందు నిలబడకండి. ఒక చుట్టు తిరగండి. బోర్డు మీద మూడు నాలుగు వంటకాలే ఉన్న స్టాల్‌ను నమ్మొచ్చు. నలభై ఫొటోలు అంటించి చికెన్ రైస్ నుంచి స్పగెట్టీ దాకా అన్నీ అమ్మేచోట ఏదీ గొప్పగా ఉండదు. క్యూ పొడవు మంచి గుర్తే, అయితే క్యూలో ఎవరున్నారో చూడాలి. అందరూ ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తుంటే అది పేరుకు వచ్చిన క్యూ. ఆఫీసు కార్డులు మెడలో వేసుకున్నవాళ్లు, ఇంటి చెప్పుల్లో వచ్చిన ముసలివాళ్లు ఉంటే అది రుచికి వచ్చిన క్యూ. 2016లో మంచి హోటళ్లకు స్టార్లు ఇచ్చే మిషెలిన్ గైడ్ ఇక్కడ మొదటిసారి వచ్చినప్పుడే రెండు హాకర్ స్టాళ్లకు చెరొక స్టార్ ఇచ్చింది. అప్పటి నుంచి అలాంటి చోట్ల గంట నిలబడేవాళ్లున్నారు. గంట నిలబడాల్సినంత తేడా పక్క స్టాల్‌తో ఉంటుందని మాత్రం ఆశించకండి. ప్రతి స్టాల్ ముందూ శుభ్రతకు ఇచ్చిన ఇంగ్లిష్ అక్షరం గ్రేడ్ కాగితం ఉంటుంది. అది చెప్పేది శుభ్రత గురించే, రుచి గురించి కాదు.

స్టాల్ వాళ్లను అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు, మనకు కొత్తేమీ కాదు. చెప్పాల్సినవి నాలుగే ముక్కలు: ఏ వంటకం, ఎన్ని, కారం కావాలా వద్దా, ఇక్కడే తింటారా పట్టుకెళ్తారా. ‘హ్యావింగ్ హియర్’ అంటే ఇక్కడే. ‘తపావ్’ అంటే పార్సిల్. వెనక ఎనిమిది మంది ఉంటారు కాబట్టి ఈ వంటకం ఎలా ఉంటుందని క్యూ ముందుకు వచ్చాక అడిగితే విసుక్కుంటారు. అది కోపం కాదు, మధ్యాహ్నం వేగం. ఆ ప్రశ్న బల్ల దగ్గర కూర్చున్నవాళ్లను అడగండి, సంతోషంగా చెబుతారు. డబ్బు చాలాచోట్ల ముందే ఇవ్వాలి. బేరం ఉండదు, టిప్ ఉండదు, బోర్డు మీద ఉన్న ధరే తుది ధర.

నూడిల్స్ స్టాల్లో మరో రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మొదటిది ‘డ్రై ఆర్ సూప్?’ డ్రై అంటే నూడిల్స్ సాస్‌లో కలిపి, చారు వేరే గిన్నెలో ఇస్తారు. మన నాలుకకు ఇదే నయం, కారం పట్టేది ఇందులోనే. రెండోది ఏ నూడిల్స్ అని. ‘మీ పోక్’ అంటే చదునుగా ఉండేది, ‘మీ కియా’ అంటే సన్నటిది, క్వే టియావ్ అంటే బియ్యప్పిండితో చేసిన వెడల్పు పట్టీలు, బీ హూన్ అంటే మన సేమ్యాలా ఉండే సన్నటి బియ్యపు నూడిల్స్.

మొదటి మూడు రోజులకు ఏం తినాలి

హైనాన్ చికెన్ రైస్‌తో మొదలుపెట్టండి. సుమారు నాలుగు నుంచి ఆరు డాలర్లు. చూడటానికి తెల్లన్నం, తెల్లటి కోడి ముక్కలు, దోసకాయ, అంతే. మనవాళ్లు రెండు ముద్దలు తిని చప్పగా ఉందని పక్కన పెట్టేది ఇక్కడే. తినే పద్ధతి తెలియకపోవడమే కారణం. ఆ అన్నాన్ని కోడి కొవ్వు, అల్లం, వెల్లుల్లితో వేయించి కోడి చారులో వండుతారు. దానికి తోడు ఎర్రమిర్చి, అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం కలిపి నూరిన పచ్చడి, చిక్కటి నల్ల సోయా సాస్ ఇస్తారు. లేకపోతే అడగండి. అన్నం మీద నల్ల సాస్ కొంచెం వేసి, ముక్కను మిర్చి పచ్చడిలో బాగా ముంచి, రెండూ కలిపి తినాలి. అప్పుడు తెలుస్తుంది దాని సంగతి. ఉడికించిన కోడి చర్మం జెల్లీలా, ఎముక దగ్గర మాంసం లేత గులాబీ రంగులో ఉంటుంది. అది చూసి జంకేవాళ్లు ‘రోస్టెడ్’ అని అడగండి. చర్మం ఎర్రగా కాలి మనకు అలవాటైన రుచికి దగ్గరగా ఉంటుంది.

రెండో రోజు ఎకానమీ రైస్. ఇది మన కర్రీ పాయింట్ లాంటిదే. గాజు వెనక ఇరవై ముప్ఫై కూరల ట్రేలు ఉంటాయి. పేర్లు తెలియనక్కర్లేదు, వేలు చూపిస్తే వేస్తారు. రెండు కూరగాయలు, ఒక మాంసం తీసుకుంటే నాలుగు డాలర్ల చుట్టుపక్కల అవుతుంది. తప్పు జరిగేది ఇక్కడే. ఏ కూర ఎంతో రాసి ఉండదు. పెద్ద చేప ముక్క, రొయ్యలు చూపిస్తే ధర ఒక్కసారిగా ఎనిమిది, తొమ్మిదికి పోతుంది. చేప చూపించేముందు ‘ఫిష్ హౌ మచ్?’ అని అడగడానికి మొహమాటపడకండి. అన్నం మీద కూర పులుసు పోయమంటే ఊరికే పోస్తారు. ‘కర్రీ గ్రేవీ’ అనండి.

మూడో రోజు పొద్దున ప్రాటా. సాదాది ‘కోసోంగ్’, గుడ్డు వేసింది ‘ఎగ్’. సాదాది డాలరున్నర చుట్టూ ఉంటుంది, రెండు తింటే టిఫిన్ అయిపోతుంది. తోడుగా ఇచ్చే పులుసు చాలాచోట్ల చేపదో మటన్‌దో అయి ఉంటుంది. శాకాహారులు ముందే ‘దాల్ కర్రీ’ అని అడగాలి. ఆర్డర్ ఇచ్చాక పిండి కొట్టి వేసే స్టాల్ చూసుకోండి. ముందే కాల్చి దొంతర పెట్టినవి పది నిమిషాల్లో తోలులా సాగుతాయి.

కారం సరిపోలేదనిపిస్తే చాలా స్టాళ్ల దగ్గర చిన్న గిన్నెల్లో సంబల్ అనే మిర్చి పచ్చడి, ఊరబెట్టిన పచ్చిమిర్చి చక్రాలు, సోయాలో వేసిన చిట్టిమిర్చి ఉంటాయి. ఊరికే తీసుకోవచ్చు. చిట్టిమిర్చి ముక్కను మాత్రం తక్కువ అంచనా వేయకండి. గుంటూరు వాళ్లకైనా చెమట పడుతుంది.

శాకాహారులు తప్పక చదవాల్సింది

మాంసం ముక్క కనిపించనంత మాత్రాన అది శాకాహారం కాదు. ఇక్కడి వంటకు ప్రాణం ఎండు రొయ్యలు. అవి పొడిగా, ముద్దగా, నూనెలో కరిగి, కంటికి కనపడని రూపాల్లో ఉంటాయి. కొన్ని ఉదాహరణలు చెబుతాం, మిగతావి వీటిని బట్టి ఊహించుకోవచ్చు.

సంబల్ కాంగ్‌కోంగ్ అంటే మన తూటికూర వేపుడు. చూడటానికి పచ్చటి ఆకుకూరే. కానీ ఆ సంబల్లో బెలాచాన్ అనే పులియబెట్టిన రొయ్యల ముద్ద ఉంటుంది. చైనీస్ రోజాక్ అనేది అనాస, దోసకాయ ముక్కల మీద వేరుశనగ పొడి చల్లిన పండ్ల సలాడ్‌లా కనిపిస్తుంది. దానికి పట్టించిన నల్లటి తియ్యటి ముద్ద రొయ్యలదే. లక్సా అనే కొబ్బరిపాల పులుసులో టోఫు (సోయా పనీర్), నూడిల్స్ మాత్రమే వేయించుకున్నా అడుగున ఎండు రొయ్యలు ఉంటాయి. ‘క్యారట్ కేక్’ అని బోర్డు చూసి మోసపోవద్దు. అందులో క్యారట్టూ ఉండదు, అది కేకూ కాదు. ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఉడికించిన ముక్కల్ని గుడ్డుతో వేయిస్తారు, వేయించేది తరచూ పంది కొవ్వులో. చికెన్ రైస్ స్టాల్లో ‘వట్టి అన్నం చాలు’ అన్నా ఆ అన్నం కోడి కొవ్వులో వండిందే. యోంగ్ టావ్ ఫూ స్టాల్లో వంకాయ, బెండకాయ, టోఫు మీరే ఎంచుకుంటారు, కానీ వాటి కడుపులో కూరింది చేప ముద్ద. అన్నిటినీ ఉడికించేదీ ఒకే నీళ్లలో.

‘నో మీట్’ అంటే సరిపోదన్నమాట. ‘వెజిటేరియన్, నో ఎగ్, నో ప్రాన్, నో ఫిష్ సాస్’ అని విడివిడిగా చెప్పాలి. ఇంత చెప్పినా రద్దీలో వండేవాళ్లకు గిన్నె మార్చే తీరిక ఉండదు. అందుకే మామూలు స్టాల్లో మార్పులు అడగడం కంటే శాకాహార స్టాల్‌నే వెతుక్కోవడం మేలు. చాలా సెంటర్లలో బౌద్ధులు నడిపే శాకాహార స్టాల్ ఒకటైనా ఉంటుంది, బోర్డు మీద వెజిటేరియన్ అనే రాస్తారు. ఉల్లి, వెల్లుల్లి కూడా వాడనివి వీటిలో చాలా ఉన్నాయి. నియమాలు పాటించే పెద్దవాళ్లను తీసుకొచ్చినప్పుడు ఇది పెద్ద వరం. పొద్దున అక్కడ దొరికే వెజిటేరియన్ బీ హూన్ మూడు నాలుగు డాలర్లే. అందులో కోడిలా, చేపలా కనిపించే ముక్కలు సోయాతో, గోధుమ మాంసకృత్తులతో చేసినవి. కంగారు పడక్కర్లేదు. కాకపోతే కొన్నిటిలో గుడ్డు తెల్లసొన కలుస్తుంది, గుడ్డు కూడా తినని వాళ్లు అడిగి తెలుసుకోవాలి.

తీపి దగ్గర భయం తక్కువ. టావ్ హ్వే అంటే పాకం పోసిన మెత్తటి సోయా పాల జున్ను. చెండోల్‌లో కొబ్బరిపాలు, తాటిబెల్లం లాంటి గులా మెలాకా, పచ్చటి పిండి తీగలు ఉంటాయి. ఒండే ఒండే తింటే మన కుడుములు గుర్తొస్తాయి. జిగురు బియ్యప్పిండి ఉండలో కరిగిన బెల్లం, పైన కొబ్బరి తురుము. నోట్లో మొత్తంగా వేసుకుని మూతి మూసి కొరకండి, లేదంటే బెల్లం చొక్కా మీదే పడుతుంది. గోరెంగ్ పిసాంగ్ అంటే అరటిపండు బజ్జీ. వేయించిన నూనె వేటికి వాడారో అడుగుతారా లేదా అన్నది మీ ఇష్టం. బ్రెడ్డుకు రాసే కాయా మాత్రం కొబ్బరిపాలు, చక్కెరతో పాటు గుడ్లు కలిపి చేసిందే.

పంది, గొడ్డు మాంసం వద్దనుకుంటే

మలయ్ స్టాళ్లలో కొన్ని మాటలు తెలిస్తే చాలు. ఆయామ్ కోడి, కాంబింగ్ మేక, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, తెలూర్ గుడ్డు, సాయూర్ కూరగాయలు. లెంబూ అంటే గొడ్డు మాంసం, బాబీ అంటే పంది. నాసి అంటే అన్నం, గోరెంగ్ అంటే వేపుడు. ‘తాక్ మావు’ అంటే వద్దు. అన్నంతో కూరలు వడ్డించే నాసి పాడాంగ్ స్టాల్లో ముదురు గోధుమ రంగులో, మసాలా దట్టంగా పట్టిన రెండాంగ్ కనిపిస్తే అది ఎక్కువగా గొడ్డు మాంసమే. చూడటానికి మన మటన్ వేపుడులా ఉంటుంది కాబట్టి అడగకుండా చూపించకండి. సాతే కొనేటప్పుడూ కోడి, మటన్, బీఫ్ పుల్లలు పక్కపక్కనే కాలుతుంటాయి, ఏది కావాలో తేల్చి చెప్పండి.

పంది వద్దంటే హలాల్ ముద్ర ఉన్న స్టాళ్లు నిశ్చింత. ‘నో పోర్క్ నో లార్డ్’ బోర్డు ఉన్నవి హలాల్ కిందకు రావు గానీ పంది, పంది కొవ్వు వాడరని ఆ బోర్డు అర్థం. చైనీస్ నూడిల్స్ స్టాల్లో ముక్కలు తీసేయమన్నా లాభం లేదు, చారు కాచేది తరచూ పంది ఎముకలతోనే. నూడిల్స్ తినాలనిపిస్తే ఇండియన్ ముస్లిం స్టాల్లో ‘మీ గోరెంగ్’ (నూడిల్స్ వేపుడు) తినండి. ఎర్రగా, కారంగా, టమాటా పులుపుతో ఉంటుంది, పైగా పుట్టిందే మనవాళ్ల చేతుల్లో.

కోపీ చెప్పడం ఒక విద్య

తిండి స్టాల్లో పానీయాలు అమ్మరు, డ్రింక్స్ స్టాల్ విడిగా ఉంటుంది. గింజల్ని చక్కెర, మార్జరిన్‌తో మాడ్చి నల్లగా వేయించి, గుడ్డ సంచీలో కాచే ఇక్కడి కాఫీ, అంటే కోపీ, మన డికాక్షన్ ప్రియులకు తేలిగ్గానే నచ్చుతుంది. ధర సుమారు డాలరున్నర. చిక్కు చెప్పడంలోనే ఉంది.

వట్టి ‘కోపీ’ అంటే కండెన్స్‌డ్ మిల్క్ వేసి ఇస్తారు, చాలా తీపి. ‘కోపీ ఓ’ అంటే పాలు లేకుండా చక్కెర మాత్రమే. ‘కోపీ సీ’ అంటే తీపి లేని చిక్కటి డబ్బా పాలు, చక్కెర. మన ఇంటి కాఫీకి దగ్గరగా ఉండేది ఇదే. దీని వెనక తగిలించే మాటలు ఇవి: చక్కెర తక్కువైతే ‘సియూ దాయ్’, అసలు వద్దంటే ‘కోసోంగ్’, స్ట్రాంగ్‌గా కావాలంటే ‘గావ్’, పల్చగా కావాలంటే ‘పో’, ఐసు వేయాలంటే ‘పెంగ్’. టీకి కోపీ బదులు ‘తే’ పెట్టండి చాలు. షుగర్ ఉన్నవాళ్లు చేసే పొరపాటు ‘కోపీ కోసోంగ్’ అనడం. కండెన్స్‌డ్ మిల్క్‌లోనే చక్కెర ఉంది కదా. ‘కోపీ సీ కోసోంగ్’ లేదా ‘కోపీ ఓ కోసోంగ్’ అనాలి. అల్లం టీ కావాలంటే ఇండియన్ ముస్లిం స్టాల్లో ‘తే హాలియా’ అడగండి.

లేచేముందు

తిన్న ట్రే మీరే తీసుకెళ్లి రాక్‌లో పెట్టాలి. 2021 సెప్టెంబర్ 1 నుంచి హాకర్ సెంటర్లలో ఇది చట్టం. మొదటిసారి పట్టుబడితే రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్ల జరిమానా. హలాల్ ట్రేలకు, మిగతావాటికి రాక్‌లు విడిగా ఉంటాయి. పైన రాసి ఉంటుంది, చూసి పెట్టండి. వాడిన టిష్యూలు బల్ల మీద వదలడమూ తప్పే. ట్రే వదిలి చేతులు కడుక్కోవడానికి వెళ్తే ఈలోపు గోరింకలు, పావురాలు దిగి మిగిలినదంతా చిమ్మేస్తాయి, అదో సంగతి.

రెస్టారెంట్లో బిల్లు పెరిగేది ఎక్కడ

హాకర్ సెంటర్‌కూ ఏసీ హోటల్‌కూ మధ్య మరో రెండు మెట్లున్నాయి. మాల్‌లో ఉండే ఫుడ్ కోర్ట్‌లో పద్ధతి హాకర్ సెంటర్‌దే. చల్లగా ఉంటుంది కాబట్టి డాలరో రెండో ఎక్కువ. ప్రభుత్వ ఇళ్ల బ్లాకుల కింద ఉండే కాఫీ షాపుల్లో సాయంత్రం ‘జీ చార్’ వంట దొరుకుతుంది. నలుగురైదుగురు కలిసి మూడు నాలుగు కూరలు చెప్పుకుని అన్నంతో పంచుకునేది. చిన్న, మధ్య, పెద్ద సైజులకు విడివిడి ధరలు రాసి ఉంటాయి. నలుగురికి చిన్నవి నాలుగు చాలు. చేప, పీతలకు మాత్రం ధర బదులు ‘మార్కెట్ ప్రైస్’ అని ఉంటుంది. వాటిని తూకం లెక్కన అమ్ముతారు. ‘నూరు గ్రాములకెంత, ఈ పీత ఎంత బరువుంది, మొత్తం ఎంతవుతుంది’ అని మూడు ప్రశ్నలూ వండకముందే అడగండి. న్యూటన్ లాంటి పర్యాటక సెంటర్లలో చేయి పట్టి పిలిచి మెనూ చూపించేవాళ్లు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అలా పిలవడం నిబంధనలకు విరుద్ధం కూడా.

రెస్టారెంట్ మెనూలో ధర పక్కన ++ గుర్తు ఉంటే పది శాతం సర్వీస్ ఛార్జ్, ఆ మొత్తం మీద తొమ్మిది శాతం జీఎస్టీ పడతాయి. జీఎస్టీ 2024 జనవరి నుంచి తొమ్మిది. అంటే నూరు డాలర్ల తిండికి బిల్లు 119 డాలర్ల 90 సెంట్లు. పైగా చైనీస్ రెస్టారెంట్లో కూర్చోగానే తడి టిష్యూ, వేరుశనగలు తెచ్చి పెడతారు. అడగకుండా పెట్టారు కదా, ఊరికేనేమో అనుకోవద్దు. బిల్లులో వేస్తారు. అక్కర్లేకపోతే ముట్టుకోకుండా వెనక్కి పంపేస్తే తీసేస్తారు.

ఇంటి భోజనం మీద మనసు పుడితే సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ లాంటి శాకాహార హోటళ్లు ఉన్నాయి. రేస్ కోర్స్ రోడ్డులో అరిటాకు వేసి వడ్డించే హోటళ్లు వరసగా ఉంటాయి. అక్కడ పేరుపడ్డ చేప తల పులుసు ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది, ఒక్కళ్లే వెళ్లి చెప్పకండి. ఆకు భోజనంలో అన్నం, కూరలు మళ్లీ అడిగితే వేస్తారా లేదా అన్నది ఒక్కో హోటల్లో ఒక్కో తీరు. కూర్చునేముందే కనుక్కోండి.

పార్సిల్ కట్టించుకుంటే డబ్బాకు ఇరవై ముప్ఫై సెంట్లు ఎక్కువ తీసుకుంటారు, లేదా మీ టిఫిన్ డబ్బా ఇస్తే అందులోనే పెట్టిస్తారు. ఇంటికి ఎంఆర్‌టీలో తెచ్చుకోవచ్చు గానీ లోపల ఒక్క ముక్క నోట్లో వేసుకున్నా 500 డాలర్ల దాకా జరిమానా ఉంది, నీళ్లు తాగడానికీ అదే నియమం. వండిన నాలుగు గంటల్లోపు తినేయండి. ఇక్కడి ఉక్కలో చికెన్ రైస్ పొద్దున కొని రాత్రికి తిందామంటే కుదరదు.